ఇద్దరిదీ ఒకటే రక్తం

పొద్దున ఆరున్నరకి ఆ ఇంట్లో రెండు తలలు దువ్వాలి. ముందు రెండోదానికి, తరవాత అమ్మాయికి. వరస తప్పితే ఆ రోజు ఎవరికీ సుఖం ఉండదు. తల్లి ఆరేళ్ళుగా ఈ పని చేస్తోంది. రెండోదాని జుట్టు పిడికిట్లో పట్టదు. అమ్మాయిది మందులకి రాలిపోగా మిగిలింది వేలెడు పాయ.

"మెల్లిగా అమ్మా," అంటుంది అమ్మాయి.

"గట్టిగా లాగి వెయ్యి. వదులుగా వేస్తే మధ్యాహ్నానికే ఊడిపోతుంది," అంటుంది రెండోది.

ఇద్దరి గొంతూ ఒకటే. ముక్కూ, చుబుకం కింద పుట్టుమచ్చా ఒకటే. కాకపోతే ఒకతి నిగనిగలాడుతూ ఉంటుంది, ఇంకొకతి ఉతికి ఉతికి వెలిసిన బట్టలా ఉంటుంది. చూసినవాళ్ళు ఎవరు ఎవరో చెప్పేస్తారు.

తండ్రి లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పనికి బయల్దేరేముందు సంచీలో స్పానర్లు సర్దుకుంటూ రెండోదాన్ని కాసేపు ఆటపట్టించకపోతే ఆయనకి తోచదు.

"ఏమే పహిల్వానూ, మా పిల్లని మళ్ళీ తొక్కావట?"

"నేనెవర్నీ తొక్కలేదు. ఇంట్లో ఎవరో తిరుగుతున్నట్టుంటే పట్టుకున్నా."

"ఎవరో ఏంటే, అది ఈ ఇంటి పిల్ల."

"అని అదంటోంది," అనేది రెండోది, తలుపు గడియ పడిందో లేదో ఇంకోసారి చూసి వస్తూ.

అది ఎప్పుడొచ్చిందో తల్లికి బాగా గుర్తు. అమ్మాయికి పంతొమ్మిదో ఏడు. ఒక పొద్దున బుగ్గలు రెండూ ఎర్రగా కంది, మోకాళ్ళు పట్టేసి, మంచం దిగలేకపోయింది. అదే మంచం మీద రెండో పక్కన ఇది పడుకునుంది, అదే నైటీలో. తండ్రి కాఫీ తెచ్చి, ఇద్దర్నీ చూసి, ఇంకో గ్లాసు కోసం వెనక్కి వెళ్ళాడు. పెద్దాసుపత్రిలో లూపస్ అన్నారు. ఒంటిని కాపాడాల్సినవాళ్ళే ఒంటిమీద పడే జబ్బన్నారు. "కంచే చేను మేస్తోందన్నమాట," అన్నాడు తండ్రి. డాక్టరమ్మ తలూపి, ఇద్దరి బరువూ చూసి, చీటీ రాసిచ్చింది. ఆ వార్డులో రోగికి ఒకటి చొప్పున ఇలాంటిది ఉండేది. పై వాటా ఆవిడ మెట్ల మీద కనబడితే "ఇద్దరూ ఎలా ఉన్నారు?" అని అడిగేది. అంతకంటే ఎవరూ దాని గురించి మాట్లాడుకోలేదు. వచ్చి కూర్చున్నదాన్ని ఏం చేస్తాం.

రెండోది చెడ్డది కాదు. అదే వచ్చిన చిక్కు. దొంగతనం ఎరగదు, అబద్ధం ఎరగదు, కునుకు తీయదు. ఇల్లు కాయడమే దాని పని. అయితే ఆ ఇంట్లో దానికి కనబడే దొంగ ఒక్కతే. అమ్మాయి. మొదటి ఏడాది కీళ్ళ మీద కూర్చుంది. తరవాత వేళ్ళు మెలిపెట్టింది. ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో కొత్తగా చేరిన పిల్ల, వేళ్ళు వంగక ఉద్యోగం మానేసింది. ఆపైన నడుము వెనక చేయిపెట్టి మూత్రపిండాలు పిసకడం మొదలుపెట్టింది. తెల్ల మాత్రలు వేస్తే మత్తుగా పడుకునేది. ఆ మాత్రలకి అమ్మాయి మొహం పూరీలా పొంగి, ఎముకలు గుల్లబారాయి. మాత్ర తగ్గిస్తే అది లేచేది. పెంచితే ఇది కుంగేది. తల్లికి ఆరేళ్ళూ ఇదే త్రాసు.

తల్లి డ్రైక్లీనింగ్ షాపులో ఒక మూల మిషను పెట్టుకుని ఆల్టరేషన్లు చేస్తుంది. ప్యాంట్ల అంచులు దించడం, జిప్పులు మార్చడం, నడుము వదులు చేయడం. ఆమెకి మాటలు తక్కువ. నోట్లో గుండుసూదులు పెట్టుకుని పనిచేసేవాళ్ళకి అలవాటైపోతుంది.

ఆ ఏడాది వానలు పోయాక డాక్టరమ్మ వాళ్ళని లోపలికి పిలిచి తలుపు వేసింది.

"కొత్త వైద్యం ఒకటి చేసి చూస్తున్నాం. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలోంచి కణాలు తీస్తారు. ఎవర్ని పట్టుకోవాలో వాటికి ల్యాబులో నేర్పుతారు. గడ్డకట్టించి దాస్తారు. రోగి ఒంట్లోకి ఎక్కిస్తే, అవి వెళ్ళి ఈ రెండోవాళ్ళకి ఊపిరిపోసే కణాల్ని ఏరేస్తాయి. పని అయ్యాక అవీ ఉండవు, పోతాయి."

"ఎవరండీ ఆ మనిషి?" అన్నాడు తండ్రి.

"పేరు మాకూ తెలీదు."

"అంటే అద్దెకున్నవాళ్ళని ఖాళీ చేయించడానికి బయటి మనుషుల్ని పిలిపించడం."

"అలాగే అనుకోండి."

"మా అమ్మాయి బాగవుతుందా?" అంది తల్లి.

"తెలీదమ్మా. తెలిస్తే ప్రయోగం అనం. కానీ ఊరుకుంటే ఏమవుతుందో మాత్రం తెలుసు. ఏడాదిలో కిడ్నీలు పోతాయి."

రెండోది గోడకానుకుని నిలబడి అన్నీ వింటోంది. కోపమేం రాలేదు దానికి. "ఎవర్నైనా రానీ. చూసుకుంటా," అంది.

పడకలు ఆరే ఉన్నాయి. ఆరోది అమ్మాయికి వచ్చింది. కాయితాల పని చూసే ఆవిడ ఒకామె ఉండేది. చంకలో ఫైలు లేకుండా ఎవరూ చూడలేదు కాబట్టి అందరూ ఆమెని ఫైలమ్మ అనేవాళ్ళు. ఆమె అమ్మాయి ముందు వేలు ఊపి మరీ చెప్పింది.

"ఇరవయ్యొక్క రోజులు తెల్లమాత్ర ముట్టకూడదు. ఒక్కటి కూడా. ఆ మాత్ర ఒంట్లో ఉంటే వచ్చిన కణాలు చచ్చిపోతాయి. పైగా ఇది మత్తులో పడుకునుంటే వాటికి దొరకదు. మెలకువగా తిరుగుతుండాలి. ఆఖరి రోజు రక్తం చూస్తాం. మాత్ర కనబడితే పడక పక్కవాళ్ళకి. మళ్ళీ జాబితాలో పేరు కూడా ఉండదు. మాట తప్పినవాళ్ళని ప్రయోగంలో పెట్టుకోం."

"నేను తప్పను," అంది అమ్మాయి.

"అందరూ అలాగే అంటారు."

"నేను అందరిలో ఒకదాన్ని కాదు లెండి," అంది. చాలా రోజుల తరవాత అమ్మాయి గొంతులో పొగరు విని తల్లికి కడుపు నిండింది.

మిగిలిన మాత్రలన్నీ తిరిగి ఇచ్చేయమన్నారు. తల్లి ఇచ్చింది. ఒక్క స్ట్రిప్పు తప్ప. కావాలని దాచలేదు. కుట్టేవాళ్ళ బుద్ధి అది. ఉన్న గుడ్డంతా ఎప్పుడూ కత్తిరించరు. రేపెప్పుడైనా వదులు చేయాల్సొస్తుందని లోపలి కుట్టులో రెండు వేళ్ళ గుడ్డ వదులుతారు. ఆ చేతికి పూర్తిగా ఇచ్చేయడం రాదు. స్ట్రిప్పు ఇంట్లో ఉన్న దారం బాబిన్ల డబ్బాలో అడుగున పడింది.

మొదటి వారం గడిచింది. రెండో వారంలో రెండోది పూర్తిగా లేచింది. అంతకుముందు ఆరేళ్ళలో దాన్ని ఎవరూ అంత ఆరోగ్యంగా చూడలేదు. ఇల్లంతా తిరిగేది, కిటికీలు లాగి చూసేది, పాటలు పాడేది. అమ్మాయి వేళ్ళు పిడికిలి పడిపోయి తెరుచుకోవడం మానేశాయి. తండ్రి చెంచాతో అన్నం పెడుతూ, "లిఫ్టు ఆఖరి అంతస్తుకి రాబోయే ముందే ఎక్కువ కీచుమంటుంది, ఓర్చుకోవాలి," అనేవాడు. అమ్మాయి నవ్వబోయేది. పెదాల లోపలంతా పుళ్ళు.

పద్దెనిమిదో రోజు మధ్యాహ్నం తల్లి భోజనానికి ఇంటికి వచ్చేసరికి అమ్మాయి స్నానాలగదిలో నేల మీద బోర్లా పడుంది. దాని వీపు మీద రెండోది బాసింపట్టు వేసుకుని కూర్చుని, రెండు చేతులతో నడుము నొక్కుతోంది.

"లే దాని మీంచి!"

"దొరికిందమ్మా ఇవాళ. పారిపోబోతోంది," అంది రెండోది, పని మీదున్నవాళ్ళు తలెత్తకుండా చెప్పినట్టు.

తల్లి దాన్ని రెక్క పట్టి లాగింది. కదల్లేదు. జుట్టు పట్టి లాగింది. కదల్లేదు. అమ్మాయి చెంప నేలకి ఆనించే ఉంది. "మూడు రోజులే కదా అమ్మా. పట్టుకుంటాలే. నువ్వు తిను, షాపుకి టైమవుతుంది," అంది. అలా అంటూనే పళ్ళు కొరికింది. ఆ చప్పుడు తల్లి విన్నది.

తల్లి వంటింట్లోకి వెళ్ళింది. బాబిన్ల డబ్బా తీసింది. రెండు మాత్రలు గరిటె వెనకతో నలిపింది. గ్లాసు పాలల్లో కలిపింది. చక్కెర వేసింది. తెచ్చి రెండోదానికి ఇచ్చింది.

అమ్మాయికి కాదు. అమ్మాయికి ఒక్క చుక్క పొయ్యలేదు. మాట అమ్మాయి ఇచ్చింది, అమ్మాయి నిలబెట్టుకుంటోంది. దీనికి ఇవ్వకూడదని ఎవరన్నారు? ఫైలమ్మ అనలేదు, డాక్టరమ్మా అనలేదు. ఆరేళ్ళుగా రెండు కంచాల్లో, రెండు గ్లాసుల్లో విడివిడిగా పెట్టిన మనిషి ఆమె. ఒకదానికి పెట్టింది ఇంకొకదానికి చేరుతుందన్న ఆలోచన ఆమె బుర్రకి తట్టలేదు.

రెండోది తల్లి మొహం చూస్తూ పాలు తాగింది. చివర్న గ్లాసు వంచి అడుగున తెల్లటి మడ్డి చూసింది. మూతి తుడుచుకుని, చాప మీదకి వెళ్ళి ముడుచుకుని పడుకుంది.

అమ్మాయి సాయంత్రం దాకా నిద్రపోయింది. లేచి, "చూశావా, అదే తగ్గింది. నేను చెప్పలేదూ, ఓర్చుకోగలనని," అంది. తల్లి నోట్లో గుండుసూదులు ఉన్నాయి. ఊఁ అంది.

ఇరవయ్యొకటో రోజు రక్తం తీశారు. మర్నాడు పొద్దున డాక్టరమ్మ గదిలో ఫైలమ్మ కూడా ఉంది. ఫైలు చంకలో కాదు, బల్ల మీద తెరిచి ఉంది.

"మాత్ర వేసుకున్నావు," అంది డాక్టరమ్మ.

"లేదు మేడం."

"రక్తంలో ఉందమ్మా."

"నేను వేసుకోలేదు." అమ్మాయి గొంతు చాలా మామూలుగా ఉంది, నిజం చెప్పేవాళ్ళకి గొంతు పెంచాల్సిన పని లేదన్నట్టు. తరవాత పక్కకి చూసింది. "ఇది ఎక్కడైనా తిందేమో."

"ఎవరు తిన్నా ఒకటే కదా. ఇద్దరిదీ ఒకటే రక్తం," అంది డాక్టరమ్మ.

తల్లి నోరు తెరవాలి. తెరిచి, నేనే అనాలి. రెండు అక్షరాలు. నాలుక లేవలేదు. రెండోది అవతలి గోడ దగ్గర నిలబడి ఆమెనే చూస్తోంది.

"మాట తప్పనన్నావు," అంది ఫైలమ్మ. కోపంగా కాదు, అలసటగా. ఫైల్లో ఒక ముక్క రాసింది. తల్లికి అక్షరాలు తలకిందులుగా కనబడ్డాయి. *నియమం పాటించలేదు.*

కణాలు అప్పటికే కరగబెట్టడానికి తీశారట. కరిగాక ఆగవు. తనూ మాత్రలు మానేసి, బయట వరండాలో ఏడోవాడుగా కూర్చున్న బస్సు డ్రైవర్ని లోపలికి పిలిచారు. అతనూ, అతని పక్కది కూడా ఒకేసారి లేచి నిలబడ్డారు.

ఆ రోజు నుంచి అమ్మాయి వెతకడం మొదలుపెట్టింది. దిండు గలీబులు విప్పి చూసింది. పాత పర్సులు, కోటు జేబులు, పుస్తకాల మధ్య. అమ్మ కుట్టు సామాను మాత్రం ముట్టలేదు. మాత్ర ఎక్కణ్ణుంచి వచ్చిందో తేలాలి కదా. ఎక్కడా దొరకలేదు. పదిరోజుల తరవాత వెతకడం మానేసి, తండ్రితో అంది:

"నాన్నా, నిద్రలో లేచి వేసుకుని ఉంటానేమో."

"మాత్రలే లేవుగా ఇంట్లో."

"ఎక్కడో దాచి ఉంటా. దాచి మర్చిపోయి ఉంటా. ఆ నొప్పిలో మనిషికి ఏం తెలుస్తుంది?"

"పోనీలేవే. మనిషన్నాక..."

"లేదు నాన్నా. తెలీకుండా అలా చేశానంటే, ఇంకా ఏమేం చేస్తున్నానో."

తల్లి వంటింట్లో నిలబడి వింది. ఇవాళ చెప్తాను అనుకుంది. తరవాతి రోజూ అనుకుంది. అడకత్తెరలో పోకచెక్కలా ఉండేది. చెప్తే పిల్ల మొహం చూడాలి. చెప్పకపోతే పిల్ల తనని తాను దొంగలా చూసుకోవడం చూడాలి. ఒక నెల. రెండు నెలలు. రెండో విడత మొదలవబోతోందని తెలిసింది, కొత్త మనిషి దగ్గర కణాలు తీశారట. పిలుపు రాలేదు. రాదు కూడా. మాట తప్పినవాళ్ళ పేరు జాబితాలో ఉండదు.

మూడో నెలలో బస్సు డ్రైవరు డ్రైక్లీనింగ్ షాపుకి వచ్చాడు. ఖాకీ ప్యాంట్లు నాలుగు కౌంటరు మీద పడేశాడు.

"నడుము వదులు చెయ్యాలమ్మా. మళ్ళీ డ్యూటీలో చేరా. ఒళ్ళొచ్చింది." అప్పుడు ఆమెని గుర్తుపట్టి గొంతు తగ్గించాడు. "మీరా."

తల్లి అతని వెనక చూసింది. ఎవరూ లేరు.

"మీ పక్కనుండే ఆయన?"

"వాడా? మూడో వారంలో ఒక పొద్దున చూస్తే లేడండీ. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. పదకొండేళ్ళున్నాడు నాతో. ఒక మాటైనా చెప్పలేదు." నవ్వాడు. నవ్వి, బాగుండదని ఆపేశాడు. "మీ అమ్మాయి సంగతి విన్నా. పాపం, చిన్నపిల్ల. ఆగలేక వేసుకుని ఉంటుంది. నేనూ ఆగలేకపోయేవాణ్ణే, మా ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుంది కాబట్టి సరిపోయింది."

తల్లి టేపు తీసింది. అతని నడుము కొలిచింది. ప్యాంట్ల లోపల రెండు వేళ్ళ గుడ్డ ఉంది. కుట్లు విప్పి, గుడ్డ వదిలి, మళ్ళీ కుట్టింది. నాలుగూ. అతను మర్నాడు వేసుకుని చూసి, మీ చెయ్యి బంగారం అన్నాడు.

నాలుగో నెలలో అమ్మాయి కాళ్ళు నీరుపట్టి చెప్పులు ఎక్కడం మానేశాయి. వారానికి మూడు రోజులు మిషను మీద రక్తం శుభ్రం చేయాలన్నారు. చేతి నరంలో గొట్టం పెట్టడానికి చిన్న ఆపరేషను చేశారు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అమ్మాయి పొద్దున్నే తల దువ్వించుకునే వంతు కోసం కూర్చుంది. ముందు వంతు రెండోదానిది. దాని జుట్టులో దువ్వెన దిగబడుతుంటే అది తల్లికి మాత్రమే వినబడేంత మెల్లిగా అంది:

"నువ్వు చెప్పవుగా?"

తల్లి పాయలు విడదీసి జడ అల్లడం మొదలుపెట్టింది.

"చెప్పకు. నువ్వు నోరు మూసుకున్నన్నాళ్ళూ నన్నెవరూ పంపలేరు. అందుకే నువ్వంటే నాకిష్టం." తల వెనక్కి వంచి, కిందనించి పైకి ఆమె మొహంలోకి చూసింది. అమ్మాయి కళ్ళే. అమ్మాయి ప్రేమే. "ఈ ఇంట్లో మనిద్దరమే దాన్ని కనిపెట్టుకుని ఉన్నాం."

తల్లి జడ సగంలో వదిలేసింది. చెప్పులేసుకుంది. షాపు వైపు కాదు, ఆసుపత్రి వైపు నడిచింది.

ఫైలమ్మ అంతా వింది. వింటూ ఉండగా ఆమె ఫైలు మూసింది, తెరిచింది, మళ్ళీ మూసింది.

"దానికిచ్చానండీ. అమ్మాయికి ఇవ్వలేదు. విడిగా అనుకున్నా," అంది తల్లి.

"ఆ రోజే ఎందుకు చెప్పలేదమ్మా?"

"అమ్మాయి పేరు మళ్ళీ ఎక్కించండి," అంది తల్లి.

"మీరే ఇచ్చారని రాసివ్వండి. అప్పుడు తప్పు పేషెంటుది కాదని పై వాళ్ళకి చూపించి పేరు ఎక్కించడానికి చూస్తా. కింద మీ సంతకం. దాని కింద పేషెంటు చదివి పెట్టే సంతకం."

"అది లేకుండా కుదరదా?"

"కుదరదు."

నాలుగు వాక్యాలు రాసింది. కాయితం మడిచి ఇంటికి తెచ్చి అమ్మాయి చేతిలో పెట్టింది. మాటలతో చెప్పే ధైర్యం అప్పటికీ రాలేదు. అమ్మాయి చదివింది. మళ్ళీ మొదట్నుంచి చదివింది. అంత తక్కువ రాతని అంతసేపు ఎవరూ చదవరు. ఏడవలేదు, అరవలేదు. అరిస్తే బాగుండని తల్లి అనుకుంది.

"అమ్మా, నా జేబులు వెతుక్కున్నాను," అంది అమ్మాయి.

"ఊఁ."

"నువ్వు చూస్తూనే ఉన్నావు."

"ఊఁ."

"దిండు కుట్లు విప్పి చూశాను. మళ్ళీ కుట్టింది నువ్వే."

తల్లి పెన్ను తెచ్చి పక్కన పెట్టింది.

పెన్ను వేళ్ళ మధ్య నిలవక మూడుసార్లు జారింది. తల్లి తీసి ఇవ్వబోతే అమ్మాయి చెయ్యి వెనక్కి తీసుకుంది. తనే వంగి, తనే తీసి, వంకరగా సంతకం పెట్టింది.

తండ్రికి ఆ సాయంత్రం తెలిసింది. చాలాసేపు స్పానర్లు తుడుస్తూ కూర్చున్నాడు. "నాకైనా చెప్పాల్సింది," అన్నాడు ఆఖరికి. "ఏదో ఒక అబద్ధం ఆడేవాణ్ణి. నేనే మింగించానని చెప్పేవాణ్ణి. నాకు అలవాటేగా." ఆయన హాస్యం అంతవరకే వచ్చి ఆగిపోయింది. ఆ తరవాత చాలా రోజులు రాలేదు.

పేరు ఎక్కింది. డాక్టరమ్మ ముందే చెప్పింది, "దీన్ని పంపించగలమేమో గానీ, ఇది పాడుచేసిన కిడ్నీలు వెనక్కి రావు. అయిదు నెలల కిందటైతే వేరే సంగతి." అయిదు నెలలు అన్నప్పుడు ఆమె తల్లి వైపు చూడలేదు. ఎవరూ చూడలేదు. చూడకపోవడం గదంతా నిండింది.

ఈసారి ఇరవయ్యొక్క రోజులూ అమ్మాయి ఆసుపత్రిలోనే ఉంది. చేరే రోజు ఫారంలో 'తోడుండేవారు' అన్న చోట ఒకే గీత ఉంది. అమ్మాయి తండ్రి పేరు రాసింది. గాజు తలుపు లోపలికి ఒక్కరినే పంపుతారు. మందులు ఎవరి చేతిమీదుగా రావాలో కూడా అక్కడే రాయాలి. *నర్సు చేతి నుంచి మాత్రమే* అని రాసి, కింద గీత గీసింది.

తల్లి వరండాలో కుర్చీలో కూర్చునేది. షాపుకి సెలవు పెట్టింది. రోజూ పొద్దున ఏడింటికి వచ్చేది, సాయంత్రం ఆరింటికి వెళ్ళేది. తండ్రి మధ్యమధ్యలో బయటికి వచ్చి చెప్పేవాడు. కొత్త కణాలకి ఒంట్లో చోటు చేసే మందు మూడు రోజులిచ్చారు. వాంతులు. కణాలు వచ్చాయి, చిన్న సంచీ, అరగ్లాసు కూడా ఉండదు, ఇంతేనా అనిపించింది. పావుగంటలో ఎక్కించేశారు. జ్వరం. చలి. జ్వరం తగ్గింది.

"నన్నడిగిందా?" అనేది తల్లి.

"నిద్రపోతోంది," అనేవాడు తండ్రి, పగలు ఏ వేళైనా.

కణాలు ఎక్కిన తొమ్మిదో రోజు పదకొండు గంటలకి గాజు తలుపు తెరుచుకుని రెండోది బయటికి వచ్చింది. గోడ పట్టుకుని నడుస్తోంది. నిగనిగ పోయింది. దాని జుట్టు నేల మీద రాలుతోంటే ఊడ్చే ఆవిడ ఏమీ అనకుండా ఊడ్చుకుంటూ వస్తోంది. వచ్చి తల్లి పక్క కుర్చీలో కూలబడింది.

"చాలామంది వచ్చారమ్మా. ఎవరి మనుషులో. ఒక్కడి మొహం కూడా తెలీదు. గదులన్నీ వెతుకుతున్నారు," అంది.

ఈ క్షణం కోసం తల్లి ఆరేళ్ళు దేవులాడింది. చావు, పో, నా పిల్లని వదులు అని ఎన్నిసార్లు అనుకుందో. ఇప్పుడు అనడానికి నోరు రావట్లేదు. దాని చెయ్యి చల్లగా తగిలింది. తీసేయలేదు.

"దాహంగా ఉందా?"

"లేదు." కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "లోపల మంచం మీద ఒక పిల్ల పడుకునుంది. ఇందాక బయటికొస్తూ చూశా. ఎవరూ పట్టుకోకపోయినా కదలట్లేదు. పారిపోవట్లేదు. అమ్మా, ఆ పిల్ల ఎవరు?"

"నా కూతురు."

"దొంగ కాదా?"

"కాదు."

రెండోది గాజు తలుపు వైపు తిరిగి చూసింది. "నేను కాపాడుతున్నా అనుకున్నా," అంది.

"నేనూ అంతేనే," అంది తల్లి.

కాసేపటికి రెండోది లేచింది. పైట సర్దుకుంది. ఎటు వెళ్ళాలో తెలియనట్టు అటూ ఇటూ చూసి, మెట్ల వైపు నడిచింది. ఒక్కో మెట్టూ దిగుతుంటే దాని నీడ ముందు పలచబడింది, తరవాత అది పలచబడింది. కింద వాకిలి దాటే వేళకి, లోపలికొస్తున్న ఒకాయన దాని గుండా నడిచి వచ్చేశాడు.

గాజు తలుపు అవతల ఎవరో నవ్వారు. నీరసంగా, బొంగురుగా. ఆరేళ్ళ తరవాత ఒంట్లో నొప్పి లేకుండా నవ్విన నవ్వు. తండ్రి ఏదో జోకు వేసినట్టున్నాడు. తల్లి లేచి తలుపు దగ్గరికి వెళ్ళింది. అద్దం మీద తెర వేసుంది.

కొత్త నర్సు ఒకామె, ఆ రోజే డ్యూటీకి చేరినట్టుంది, చేతిలో జాబితాతో వచ్చింది.

"ఇక్కడ నిలబడకూడదండీ. మీరు లోపలున్న అమ్మాయి తాలూకా?"

తల్లి జాబితా వైపు చూసింది. తోడుండేవారి గీత మీద ఒక పేరే ఉంది, అది తనది కాదు.

"కాదమ్మా. ఇప్పుడు మెట్లు దిగి వెళ్ళిందే, దాని తాలూకు."

నర్సు తలూపింది. ఆ వార్డులో అది వింత మాటేం కాదు.

"అది ఇంక రాదు కదండీ. మీరు ఇంటికెళ్ళిపోవచ్చు."

"సరేనమ్మా," అంది తల్లి. సంచీ భుజాన వేసుకుంది. లోపల మళ్ళీ నవ్వు వినబడింది. అది ఆగేదాకా నిలబడి, వెళ్ళిపోయింది.